ఆడిట్ అభ్యంతరాలు

న్యూబరీపోర్ట్ మ్యూజియంలో నాకిచ్చిన పని చిన్నదే.
మూడడుగుల అట్ట మీద
మూడో అధ్యక్షుడి ఎనిమిదేళ్ళూ కట్టెయ్యాలి:
ఎడమన విజయాలు, కుడిన వైఫల్యాలు,
అడుగున ఒక్క వాక్యం తీర్పు.
"ముప్పైయేళ్ళ ఆడిటర్ మీరు, మీకిదెంత?" అంది వినిఫ్రెడ్.

మధ్యగా గీత గీశాను.
చెయ్యి అలవాటు కొద్దీ
ఎడమన జమ, కుడిన ఖర్చు అని రాసింది.

మొదటి పద్దు సులువనుకున్నాను.
దేశం రెట్టింపు, ఎకరం మూడు సెంట్లు.
జమ.
కానీ మా ఆఫీసుకి ఇలాంటి ఫైలొస్తే
లింకు డాక్యుమెంట్లేవని అడిగేవాళ్ళం.
అమ్మినవాడు ఆ నేల తొక్కలేదు,
కొన్నవాడు హద్దులు చూడలేదు,
అక్కడే బతుకుతున్నవాళ్ళ వేలిముద్ర ఏ పేజీలోనూ లేదు.
పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి పక్కకు నెట్టాను.

అప్పులు తగ్గించాడు. జమ.
సారా మీద సుంకం ఎత్తేశాడు. జమే, తాగేవాళ్ళ తరఫున.
బానిసల ఓడలు ఇక రాకూడదని సంతకం చేశాడు.
కలం జమ వైపు వెళ్ళి
సగంలో ఆగింది.
కొండమీది ఆయన ఇంట్లో
దీపం వెలిగించినవాళ్ళనీ, గుర్రం కట్టినవాళ్ళనీ
ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు,
ఆస్తుల కింద.
దానికి నా అట్ట మీద గడి లేదు.
గీస్తే అట్ట చాలదు.

ఇక ఓడల నిషేధం.
ఈ ఊరి పాత గాయం.
ఇంగ్లండూ ఫ్రాన్సూ కొట్టుకుంటుంటే
మధ్యలో తమ ఓడలు నలగకూడదని
అసలు రేవులే మూయించాడు,
ఎలుక మీది కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు.
పదిహేను నెలలు
మెరిమాక్ నది మొగలో తెరచాపలు బూజు పట్టాయి.
సూప్ కోసం నావికులు గిన్నెలు పట్టుకు నిలబడ్డారు.
ఖర్చు. కింద రెండు గీతలు.

అప్పుడు తెచ్చిపెట్టింది వినిఫ్రెడ్, అడుగు పెట్టెలోంచి ఒక చిట్టా.
తాళ్ళు పేనే హోసియా పెటింగెల్ కొట్టుది,
రాసింది అతని చెల్లెలు మెహిటబుల్.
అక్షరాలు నిటారుగా, కోపంగా.

"జనుపనార: రాలేదు."
"తాడు అమ్మకం: లేదు. అధ్యక్షుడు బాగానే తింటున్నాడని విన్నాను."
ఆ కింద వారం తప్పకుండా
"మేనల్లుడు ఎబెన్, తిండి. పని శూన్యం."
బార్లీ ఇంత, ఉప్పుచేప ఇంత,
ఒకసారి టర్నిప్ ఒకటి, "పెద్దది".
అరవై నాలుగు వారాలు ఆ కుర్రాడు ఖర్చు వైపే తిన్నాడు.

మార్చిలో నిషేధం ఎత్తేశారు.
"గంటలు మోగాయి. మూడు చుట్లు అమ్మాం."
ఏప్రిల్లో: "ఎబెన్ ఓడెక్కాడు. కొత్త చొక్కా, ఖర్చు."
తర్వాత అంతా తాళ్ళ లెక్కే, పుష్కలంగా.
సెప్టెంబరులో ఒక్క పంక్తి:
"బ్రిటిష్ యుద్ధనౌక వాళ్ళు ఎబెన్‌ని పట్టుకెళ్ళారట. తమ దేశపు వాడేనన్నారట."

అతను మళ్ళీ ఏ పేజీలోనూ లేడు.
కానీ వెనక్కి తిప్పితే
(మొదటిసారి నా కంట పడలేదు)
వేరే సిరాతో, వణికే గీతతో
ప్రతి వారం అతని తిండి పద్దు కొట్టేసి ఉంది.
కొట్టేసి, ఎదుటి గడిలోకి
బార్లీ, ఉప్పుచేప, టర్నిప్
ఒక్కొక్కటే మోసుకెళ్ళి వేసింది.
జమ.

అధ్యక్షుణ్ణి తిట్టిన చోట మాత్రం
ఒక్క అక్షరం కొట్టలేదు.

దొంగ లెక్కలెన్నో పట్టాను నా సర్వీసులో.
రాని చావుకు రసీదుండదు,
తప్పిన యుద్ధానికి వోచరుండదు.
ఈ దిద్దుబాటు మీద
ఏ అభ్యంతరం రాయాలో తెలియలేదు.

నాలుగింటికి వినిఫ్రెడ్ వచ్చి, "తీర్పు వాక్యం?" అంది.
అడుగున ఖాళీ వదిలాను.
ఆ ఖాళీ ముందు గాజుపెట్టెలో
చిట్టా తెరిచి పెట్టమన్నాను,
టర్నిప్ ఉన్న పేజీ.